బ్యాంకోళ్ల అవగాహన సదస్సుల వల్ల మీ ఊళ్లో ఎవరికైనా ఉపయోగం జరిగిందా?

తోతాపురి_తోట:
మాది బంగారుపాళెం దగ్గర పల్లె. పోయిన నెల మా రచ్చబండ దగ్గర ఒక బ్యాంకు వాళ్లు ఆర్థిక అక్షరాస్యత సదస్సు పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నారు, అందరినీ ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీసుకున్నారు, బిస్కెట్ ప్యాకెట్లు పంచి జీపెక్కారు.

ఆ మరుసటి వారమే అరవై దాటిన మా అమ్మ మామిడికాయల డబ్బు ఎఫ్‌డీ వేద్దామని అదే బ్రాంచికి పోయింది. ఉన్న లక్షన్నరలో లక్ష ఎఫ్‌డీ వేశారు. మిగతా 50,000 "ఇంకా మంచి స్కీమ్ ఉందమ్మా, వడ్డీ జాస్తి వస్తుంది" అని ఇన్సూరెన్స్ పాలసీలో పెట్టారు. ఏటా అంతే కట్టుకుంటూ పోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకాలు పెట్టించుకున్న కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా అమ్మ తెలుగు పేపరు సంస్మరణ ప్రకటనలతో సహా చదివే మనిషి. తెలుగులో రాసి చేతికిస్తే ఆమే అడిగేది, ఇదేంది నాయనా ప్రతి ఏడాదీ అని ఉంది, అని.

బయటి దొంగల నుంచి ఎట్లా కాపాడుకోవాలో మైకు పెట్టి చెప్పే బ్యాంకు, లోపల కౌంటర్ దగ్గర ఇట్లా చేస్తే ఆ సదస్సు ఎవరి కోసం? మీ బ్రాంచీల్లో ఎవరైనా నిజంగా జనానికి పనికొచ్చేలా చెప్తున్నారా? చెప్పండి, తెలుసుకుందాం.

అలిపిరి_మెట్టు:
బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చారా! మాకు మంచినీళ్ల బాటిలే, అదీ ఇద్దరికి ఒకటి.

కొర్లగుంట_కుర్రోడు:
ఏటా ఫిబ్రవరిలో ఆర్‌బీఐ ఆర్థిక అక్షరాస్యత వారోత్సవం ఉంటుంది కదా, ఫోటోలన్నీ అప్పుడు పైకి పంపాలి. తర్వాత ఆ ఫ్లెక్సీ జనరేటర్ మీద కప్పుతారు. మా వీధి బ్రాంచికి వచ్చి చూడండి కావాలంటే.

కౌంటర్_నంబర్_3:
తిరుపతిలో ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగిని. ఏ బ్యాంకో అడగొద్దు.

అందరూ నవ్వుకుంటున్నారు కానీ మా వైపు నుంచి కూడా వినండి. పల్లె బ్రాంచీలు నెలకో క్యాంపు పెట్టాలని 2017 సర్క్యులర్‌లో ఉంది. మూడో శుక్రవారం, బ్రాంచి పని ముగిశాక. ఆ టైమ్‌కి మేనేజర్, క్యాషియర్, ఇంకొకరు ఉంటే గొప్ప. క్యాష్ ట్యాలీ అవ్వాలి, బంగారం లాకర్‌లో పెట్టాలి, ఆ తర్వాత బండేసుకుని ఊరికి పోయి మాట్లాడాలి. ఎవరికి ఓపిక ఉంటుంది? అందుకే ఓటీపీ, పిన్ అని నాలుగు ముక్కలు చెప్పి వచ్చేస్తారు.

ఇక తోట అన్నకు పనికొచ్చే మాట. పాలసీ బాండ్ చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇచ్చేయొచ్చు. కారణం ఏదైనా సరే, నచ్చలేదు అని రాసినా చాలు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష చేసి ఉంటే దాని ఖర్చు, గడిచిన రోజులకు రిస్క్ ప్రీమియం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. బ్రాంచిలో నోటిమాటగా చెప్పి రావొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా, ఇంకో కాపీ బ్రాంచికి. రెండింటి మీదా ముద్ర, తేదీ వేయించుకోండి.

తోతాపురి_తోట:
బాండ్ వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. థ్యాంక్స్ అన్నా. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఈ ఫ్రీ లుక్ ముక్క ఆ సదస్సులో ఎందుకు చెప్పలేదు?

కౌంటర్_నంబర్_3:
చెప్తే నెలాఖరుకు నా టార్గెట్ నువ్వు కడతావా? 😀

సరదాకి అన్నాను కానీ నిజం కూడా అంతే. ఒకే మనిషి పొద్దున పాలసీ అమ్మాలి, సాయంత్రం 'ఆలోచించి కొనండి' అని పాఠం చెప్పాలి.

రిటైర్డ్_లెక్కలయ్యవారు:
ఈ చివరి మాట దగ్గరే ఆగండి. 2014 డిసెంబరులో ఆర్‌బీఐ ఖాతాదారుల హక్కుల పత్రం విడుదల చేసింది. అందులో ఐదు హక్కులున్నాయి. మూడోది, మనిషి అవసరానికీ స్తోమతకీ తగిన పథకమే అమ్మాలి అని. అరవై దాటిన, మామిడి తోట మీద బతికే మనిషికి ఏటా 50,000 కట్టే పాలసీ ఏ రకంగా తగినది? కంప్లయింట్ రాసేటప్పుడు ఈ పాయింటు తప్పకుండా పెట్టండి. సదస్సుల్లో ఈ ఐదు హక్కులు చదివి వినిపించడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో సంగతి. బ్యాంకోళ్లు శాతాల్లో చెప్తారు, మన పల్లెల్లో వడ్డీ రూపాయల్లో లెక్క. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏ అవ్వకైనా తెలుసు. అదే 24 శాతం అంటే బిత్తరపోతుంది. ప్రైవేటు ఫైనాన్స్ వాడు ఈ సందులోనే దూరతాడు. "మాది 12 శాతమే, అంటే రూపాయి వడ్డీ" అంటాడు. లక్ష అప్పు, ఏడాది, ఫ్లాట్ 12 శాతం. వడ్డీ 12,000 కలిపి పన్నెండు కంతులు చేస్తే కంతు 9,333. కానీ మొదటి నెల నుంచే అసలు తీరుతూ వస్తుంది కదా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం లక్ష మీద పడుతుంది. సరిగ్గా లెక్క కట్టి చూస్తే అది దాదాపు 21.5 శాతం. అంటే రూపాయి వడ్డీ కాదు, రూపాయీ ముప్పావలా పైమాటే.

క్యాంపుకొచ్చిన ఆఫీసరు బోర్డు మీద ఈ ఒక్క లెక్క వేసి చూపిస్తే చాలు. మా ఊరి గుడి దగ్గర నేనే వేశాను. ఒక పాల వ్యాపారి తన కంతుల పుస్తకం తెచ్చి అక్కడికక్కడే లెక్క వేయించుకున్నాడు. ఆ తర్వాత అతను ఫైనాన్స్ వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

నగరి_మగ్గం:
అయ్యవారూ, ఆ అసలు రేటునే ఏపీఆర్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత అప్పులకూ చిన్న పరిశ్రమల అప్పులకూ కేఎఫ్‌ఎస్ అనే కాగితం ఇవ్వాల్సిందే. ఏపీఆర్, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ అందులో రాసి ఉండాలి. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పి సంతకం తీసుకోవాలి. అందులో రాయని ఛార్జీ మన అంగీకారం లేకుండా తర్వాత వేయకూడదు.

నేను మగ్గాల షెడ్డు లోన్‌కి పోయినప్పుడు తెలుగులో కావాలన్నాను. క్లర్కు నన్ను పైనుంచి కిందకి చూసి, సిస్టమ్‌లో ఇంగ్లీషే వస్తుందన్నాడు. అయితే రాసివ్వండి అన్నాను. పది నిమిషాల్లో తెలుగుది ప్రింటరు నుంచి బయటికొచ్చింది. వేడివేడిగా.

అలిపిరి_మెట్టు:
ప్రింటరుకు కూడా అడిగితేగానీ తెలుగు రాదన్నమాట.

పొదుపు_సంఘం_లీడరు:
శ్రీకాళహస్తి వైపు సంఘం మాది. మగవాళ్లంతా పాలసీలు, సర్క్యులర్ల గురించి మాట్లాడుతున్నారు. మా ఆడవాళ్ల డబ్బు పోయేది వేలిముద్ర మిషన్ దగ్గర. బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బిచ్చే కరస్పాండెంట్ దగ్గరికి పోతే "అక్కా, వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టు" అంటారు. మళ్లీ పెడతాం. మొదటిసారీ పడింది, రెండోసారీ పడింది, చేతికిచ్చింది ఒకసారి డబ్బే. అందరూ అట్లాంటివాళ్లని అనను, మా ఊళ్లో పిల్ల బంగారం. పక్క ఊళ్లో మాత్రం జరిగింది.

మాకు పనికొచ్చిందంటే సీఎఫ్‌ఎల్ నుంచి వచ్చిన అమ్మాయి చెప్పిన చదువే. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. నెల మీటింగుకు వచ్చి చాప మీద మా మధ్యనే కూర్చుంది. మా సుబ్బక్క ఫోన్‌కు క్యూఆర్ పంపి, "అక్కా, మీకు 500 వస్తాయి, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంది. సుబ్బక్క రెండంకెలు కొట్టేసింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి, "డబ్బు నీ దగ్గరికి వస్తుంటే పిన్ ఎందుకక్కా?" అంది. అందరూ ఒకటే నవ్వు. ఇప్పుడు పిల్లలు పండక్కి డబ్బులిస్తామన్నా సుబ్బక్క "పిన్ అడగవు కదా?" అంటుంది.

వేలిముద్ర గురించి కూడా ఆమే చెప్పింది. రసీదు లేకుండా కుర్చీలోంచి లేవొద్దు. పడలేదంటే పడలేదన్న రసీదే అడగండి. డబ్బు తీయని రోజుల్లో ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి పెట్టుకోండి. మా సంఘంలో లాకులు వేసే డ్యూటీ మా అమ్మాయిది, ఇంటర్ చదువుతోంది.

కొర్లగుంట_కుర్రోడు:
సీఎఫ్‌ఎల్ అంటే ఏంటక్కా?

పొదుపు_సంఘం_లీడరు:
ఆర్థిక అక్షరాస్యత కేంద్రం. ఆర్‌బీఐ 2017లో మొదలుపెట్టిందంట. బ్యాంకులూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి నడుపుతాయి. పాలసీ అమ్మే పని వాళ్లకు లేదు. అందుకే మాకు నమ్మకం కుదిరింది.

రేణిగుంట_జంక్షన్:
లాడ్జిలో రిసెప్షన్ చూస్తాను. వారానికి ఒక్క కుటుంబమైనా ఏడుస్తూ వస్తుంది. ఆన్‌లైన్‌లో తిరుమల రూమ్ అని వెతికి, పైన కనిపించిన సైట్‌లో డబ్బు కట్టేసి వస్తారు. ఇక్కడికొస్తే రూమూ లేదు, సైటూ లేదు. టీటీడీకి ఉన్న సైట్ ఒక్కటే, టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ ఉన్న ఏటీఎంలలో హోమ్ లోన్ పోస్టర్లే కనిపిస్తాయి. కొండకొచ్చిన మనిషికి ఆ పూట హోమ్ లోన్ ఎందుకు? ఈ సైట్ పేరూ, సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరూ అతికిస్తే ఎంతమందికి మేలు!

బాలాజీ_కాలనీ_మూలమలుపు:
నేను మీ అందరితో ఏకీభవించను. అవగాహన అవగాహన అని మనమే బ్యాంకులకు తప్పించుకునే దారి చూపిస్తున్నాం. డబ్బు పోయిందని పోతే మొదటి మాట ఏమంటారు? "మేం మెసేజ్ పంపాం కదా సార్, మీరే జాగ్రత్తగా ఉండాల్సింది." చదువులేని అవ్వల సంగతి వదిలేయండి. పోలీసులమని వీడియో కాల్‌లో భయపెట్టి డబ్బు గుంజే డిజిటల్ అరెస్టులో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు పోగొట్టుకుంటున్నారు. వాళ్లకు అవగాహన లేకనా? భయపెడితే ఏ చదువూ పనిచేయదు. డెబ్బై ఏళ్ల మనిషి ఉన్నట్టుండి ఎఫ్‌డీలన్నీ పగలగొట్టి ఎప్పుడూ పంపని ఖాతాకు పంపుతుంటే, ఆపాల్సింది బ్యాంకు కాదా?

కౌంటర్_నంబర్_3:
ఆపితే "నా డబ్బు, నీకెందుకు" అని మా మీదే కంప్లయింట్ పెడతారు సార్. అదీ చూశాం.

రిటైర్డ్_లెక్కలయ్యవారు:
బాలాజీ కాలనీ సార్ అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. కానీ ఆ "మీరే జాగ్రత్తగా ఉండాల్సింది" అన్న మాటకు జవాబు కూడా జనానికి తెలియాలి. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదైతే మన నష్టం సున్నా. మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో లోపం జరిగి ఉంటే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే అప్పుడూ సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 వరకే మన మీద పడుతుంది. తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సింది బ్యాంకు, మనం కాదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మన నెత్తినే. తెలియజేసిన తర్వాత పోయిందంతా బ్యాంకు మీద. అందుకే మొదట ఫోన్ చేయడం ముఖ్యం, ఏడవడం తర్వాత.

బాలాజీ_కాలనీ_మూలమలుపు:
ఇది ఏ సదస్సులోనైనా చెప్పారా మాష్టారూ? లేదు. వాళ్లకు ఖర్చయ్యే పాఠం వాళ్లు చెప్పరు. నేను మొత్తుకునేదీ అదే.

అయినా ఒకటి చూశాను, అది కూడా చెప్పాలి కదా. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన, రిటైర్డ్ ఇంజినీరు. సీబీఐ అని చెప్పి వీడియో కాల్‌లో పొద్దున్నుంచి కూర్చోబెట్టారట. ఫోన్ జేబులో పెట్టుకుని, కాల్ కట్ చేయకుండానే బ్రాంచికి పోయి ఎఫ్‌డీ పగలగొట్టమన్నాడు. కౌంటర్‌లో అమ్మాయికి అనుమానం వచ్చింది. నోటితో ఏమీ అడగలేదు. విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక "ఫోన్‌లో ఎవరైనా వింటున్నారా? అవునంటే తల ఊపండి" అని రాసి అద్దం కింద నుంచి తోసింది. ఆయన చదివి, చుట్టూ చూసి, తల ఊపాడు. ఆ అమ్మాయి లేచి ఆయన్ని మేనేజర్ రూంలోకి తీసుకుపోయి, ఫోన్ తీసుకుని కట్ చేసింది. డిజిటల్ అరెస్ట్ అనేదే మన చట్టంలో లేదని అక్కడ చెప్పారు. ఆయన చాలాసేపు నమ్మలేదట, వాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారని వణుకుతూనే ఉన్నాడు.

నగరి_మగ్గం:
అబ్బా! ఆ అమ్మాయిని పెట్టి మిగతా బ్రాంచీల వాళ్లకు ట్రైనింగ్ ఇప్పించాలి. ఇట్లాంటివి పేపర్లో రావు.

కౌంటర్_నంబర్_3:
సార్, మీరు చదువు వద్దంటూనే చదువు గురించే చెప్పారు. కాకపోతే నేర్చుకున్నది కౌంటర్‌లో కూర్చున్న మనిషి. ఇది నాకు నచ్చింది. రేపు మా మేనేజర్‌కు చూపిస్తా, పేరు మాత్రం నాది చెప్పను.

పల్లిపట్టు_పక్కోణ్ణి:
సప్తగిరి గ్రామీణ బ్యాంకులో మా నాయన ఖాతా. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది కదా. ఆ తర్వాత నుంచి ఫోన్లే ఫోన్లు. "మీ బ్యాంకు మారింది, కేవైసీ చేయకపోతే ఖాతా మూసేస్తాం, ఈ లింకు నొక్కండి" అని. బ్రాంచిలో మాత్రం మార్పు గురించి ఒక కాగితం గోడకు అంటించి ఊరుకున్నారు. బ్యాంకు చెప్పాల్సింది చెప్పకపోతే దొంగ చెప్తాడు. ఇది అసలు ఫోనా దొంగ ఫోనా అని ఎట్లా కనుక్కోవడం?

కౌంటర్_నంబర్_3:
బ్యాంకు సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, అమ్మకాల కాల్స్ 140తో మొదలయ్యే వాటి నుంచి చేయాలని 2025 జనవరిలో ఆర్‌బీఐ చెప్పింది. మామూలు పది అంకెల నంబరు నుంచి కేవైసీ అంటే ఫోన్ పెట్టేయండి. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ కూడా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండేలా మారాలన్నారు. లింకులో ఆ ముక్క లేకపోతే తాకొద్దు. 1600 నంబరైనా సరే ఓటీపీ అడిగితే చెప్పొద్దు. అనుమానంగా ఉంటే నాయనను బ్రాంచికి తీసుకుపో.

పల్లిపట్టు_పక్కోణ్ణి:
బ్రాంచికి పోతే టోకెన్ 80 అన్నా.

కొర్లగుంట_కుర్రోడు:
80 వచ్చేలోపు సదస్సు పెట్టొచ్చు 😂 నిజంగానే అంటున్నా. హాలులో అంతమంది గంటల తరబడి ఖాళీగా కూర్చుంటారు. ఆ టీవీలో న్యూస్ ఆపి, ఈరోజు చర్చలో వచ్చినవన్నీ తెలుగులో తిప్పితే సరిపోతుంది కదా.

నగరి_మగ్గం:
బంగారం లోన్ల గురించి కూడా తిప్పాలి. మన జిల్లాల్లో జాస్తి జరిగేది అదే. 2025 జూన్‌లో ఆర్‌బీఐ కొత్త నిబంధనలు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీర్చాక ఏడు పనిదినాల్లోపు నగ తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 మనకు కట్టాలి. మా వీధిలో సగం మంది నగలు బ్యాంకుల్లోనే ఉన్నాయి, ఈ సంగతి ఎవరికీ తెలీదు.

తోతాపురి_తోట:
అప్‌డేట్. అమ్మను తీసుకుని బ్రాంచికి పోయాను. ఫ్రీ లుక్ అనగానే మేనేజర్ కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. "అట్లా తొందరపడొద్దు, లాంగ్ టర్మ్‌లో మంచిది" అని మొదలుపెట్టాడు. మా అమ్మ కాఫీ తాగి, "నాకు అరవై నాలుగేళ్లు నాయనా, లాంగ్ టర్మ్ నువ్వు పెట్టుకో" అంది. ముద్ర వేసి కాపీ ఇచ్చారు. డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు.

అలిపిరి_మెట్టు:
అమ్మగారిని ఆర్‌బీఐ గవర్నర్ చేయండి.

రిటైర్డ్_లెక్కలయ్యవారు:
ఆ కాపీ జాగ్రత్త. పాలసీ డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఆగితే వాళ్ల గ్రీవెన్స్ విభాగానికి రాయి, అక్కడా కదలకపోతే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్. అబద్ధం చెప్పి అమ్మినందుకు బ్యాంకు మీద విడిగా బ్యాంకుకే ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకు 14448. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా పోతే మాత్రం తిప్పి పంపేస్తారు.

పల్లిపట్టు_పక్కోణ్ణి:
ఇదే ఊపులో ఇంకొకటి. మా తాత పాస్‌బుక్ దొరికింది. దాని మీద శ్రీ వేంకటేశ్వర గ్రామీణ బ్యాంకు అని ఉంది. అది సప్తగిరి కాకముందు పేరు అనుకుంటా. తాత పోయి చాలా ఏళ్లయింది. ఆ డబ్బు ఉంటుందా, పోయినట్టేనా?

కౌంటర్_నంబర్_3:
ఎక్కడికీ పోదు. 2006లో అది సప్తగిరి అయింది, ఇప్పుడు ఏపీ గ్రామీణ బ్యాంకు. పదేళ్లు లావాదేవీ లేకపోతే డబ్బు ఆర్‌బీఐ దగ్గరున్న నిధికి పోతుంది, కానీ వారసులు ఎప్పుడైనా అడగొచ్చు. అదే ఊరి బ్రాంచికి పాస్‌బుక్, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్ తీసుకుపో. నామినీ రాసి ఉంటే పని తొందరగా అవుతుంది.

పల్లిపట్టు_పక్కోణ్ణి:
మరణ ధ్రువపత్రం మా చిన్నాయన దగ్గరుంది. ఆయనకూ మాకూ మాటల్లేవు. దానికి వేరే థ్రెడ్ తెరుస్తా.